వీణ మీద కెప్లర్ గ్రహాలు వాయించడం ఎలా?

మా ఇంటికి వీణ నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకి జంట వరసలు బోరు కొట్టినప్పుడు నేను ఈ ఆట ఆడిస్తాను. జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ ఒక్కో గ్రహానికి లెక్కగట్టిన పాటని వీణ మీద వాయించడమే ఆట. వీణ, టైలర్ టేపు ఉంటే చాలు.

ముందు తీగ పొడవుకీ స్వరానికీ ఉన్న లెక్క, అంటే పాతకాలపు గ్రీకు పండితుడు పైథాగరస్ పేరు మీద ఉన్నది. సారణి తీగ, అంటే పాట వాయించే ముఖ్యమైన తీగ, పొడవు కొలవండి. మొదటిసారి నేను బిరడా (తీగ చుట్టి బిగించే మర) దగ్గర్నుంచి టేపు పెట్టి, ఒక్క లెక్కా కుదరక గంటసేపు తల పట్టుకున్నాను. మోగేది బిరడా నుంచి కాదు. మొదటి మెట్టుకు ముందు తీగ ఆనే చోటు నుంచి బ్రిడ్జి దాకా కొలవాలి. అందులో సగం మోగితే పై షడ్జం, పన్నెండో మెట్టు. మూడింట రెండు వంతులు మోగితే పంచమం, ఏడో మెట్టు. నాలుగింట మూడు వంతులకు శుద్ధ మధ్యమం, అయిదో మెట్టు. అటూ ఇటూ కాస్త తేడా వస్తే కంగారు పడకండి, మెట్లని మైనంలో చెవితో అమర్చారు, టేపుతో కాదు.

పైథాగరస్ కమ్మరి కొలిమిలో సుత్తుల బరువులను బట్టి, అవే బరువులు తీగలకి కట్టి చూసి ఇది కనిపెట్టాడని ఒక కథ ఉంది. నమ్మకండి. పొడవు మార్చకుండా పై షడ్జం రావాలంటే తీగకి రెండింతలు కాదు, నాలుగింతల బరువు కట్టాలి. ఆ సంగతి బయటపెట్టింది గెలీలియో తండ్రి విన్సెంజో. 1617లో తల్లి మీద పెట్టిన మంత్రగత్తె కేసు పని మీద ప్రయాణమైన కెప్లర్, దారిలో చదువుకున్నది ఈ విన్సెంజో సంగీత గ్రంథమే.

కెప్లర్ పాస్టరు అవుదామని చదువుకున్న లూథరన్. గ్రహాలు పాడతాయన్న నమ్మకం మాత్రం అన్యమత గ్రీకులది. 1619లో లింజ్‌లో అచ్చయిన పుస్తకంలో, ఈజిప్షియన్ల బంగారు పాత్రలు దొంగిలించి నా దేవుడికి గుడారం కడుతున్నానని తనే రాసుకున్నాడు, అంటే పరాయివాళ్ల ఆలోచనని తన దేవుడి పనికి వాడుకుంటున్నానని. గ్రహాల కదలిక గురించి ఆయన మూడో నియమం కూడా ఆ పుస్తకంలోనే ఉంది.

సూర్యుడి నుంచి చూస్తే భూమి దూరంగా ఉన్నప్పుడు రోజుకి 57 నిమిషాల 3 సెకన్ల కోణం (ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు), దగ్గరైనప్పుడు 61 నిమిషాల 18 సెకన్ల కోణం కదులుతుందని ఆయన లెక్క. ఇంచుమించు 15కి 16. గ్రహం అతి నెమ్మది వేగానికీ అతి ఎక్కువ వేగానికీ ఉన్న ఈ నిష్పత్తినే ఆయన రెండు స్వరాల మధ్య దూరంగా తీసుకున్నాడు. అంటే స నుంచి శుద్ధ రిషభం, ఒక్క మెట్టు. స రి స, అంతే మన పాట. పాశ్చాత్య స్వరాల పేర్లలో అది మి ఫ మి. లాటిన్‌లో కష్టానికీ ఆకలికీ మొదటి అక్షరాలు అవేనట!

ఇక మిగతావి. శని, గురుడు ఆయనకి మంద్ర గొంతులు, కాబట్టి మంద్రం తీగ మీద వాయించండి. శని స నుంచి అంతర గాంధారం, నాలుగో మెట్టు. గురుడు సాధారణ గాంధారం, మూడో మెట్టు. కుజుడు సారణి మీద స నుంచి పంచమం దాకా. బుధుడికి ఒక స్థాయి చాలదు, పదిహేనో మెట్టుకి పరిగెత్తాలి. పిల్లలకి వీడంటేనే ఇష్టం.

శుక్రుడి దగ్గర అందరూ ఆగిపోతారు. 24కి 25, అరస్వరం కూడా లేదు. దానికి మెట్టు లేదు. పన్నెండో మెట్టు మీద షడ్జం మీటి, తీగని కొద్దిగా పక్కకి లాగండి. శుద్ధ రిషభం వినబడిందా, ఎక్కువ లాగినట్టే. కాస్త వదలండి.