ఆపద రాకముందే ఉద్యమ్ నమోదు: దరఖాస్తు విధానం

కరోనా లాక్‌డౌన్‌తో మూతపడిన చిన్న వ్యాపారాల కోసం కేంద్ర ప్రభుత్వం 2020 మే నెలలో అత్యవసర రుణ హామీ పథకాన్ని తెచ్చినప్పుడు, 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో ఉన్న అప్పు నిల్వలో 20 శాతం వరకు, అదనపు తాకట్టు అడగకుండా కొత్త రుణం ఇచ్చారు. దేశవ్యాప్త లాక్‌డౌన్ మార్చి 25న మొదలైంది కనుక, లెక్కకు తీసుకున్న తేదీ అంతకు దాదాపు నెల ముందుదన్న మాట. ఆ రోజుకు బ్యాంకు ఖాతాల్లో రుణగ్రహీతగా లేనివారు, వ్యాపారం ఎంత నిజమైనదైనా, ఆ పథకం పరిధిలోకి రాలేదు. కాగితాలు కష్టం రాకముందే సిద్ధంగా ఉండాలని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. ఆ కాగితాల్లో మొదటిది ఉద్యమ్ ధ్రువపత్రం, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థ (ఎంఎస్‌ఎంఈ)గా కేంద్ర ప్రభుత్వం వద్ద నమోదైనట్టు చూపే పత్రం.

పాత ఉద్యోగ్ ఆధార్ స్థానంలో 2020 జూలై 1 నుంచి ఉద్యమ్ నమోదు అమలులోకి వచ్చింది. 2025 ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తున్న పరిమితుల ప్రకారం, యంత్రాలు, పరికరాలపై పెట్టుబడి రూ. 2.5 కోట్లు, టర్నోవర్ రూ. 10 కోట్లు దాటనిది సూక్ష్మ సంస్థ, రూ. 25 కోట్లు, రూ. 100 కోట్ల లోపుది చిన్న సంస్థ, రూ. 125 కోట్లు, రూ. 500 కోట్ల లోపుది మధ్యతరహా సంస్థ. రెండు షరతుల్లో ఏ ఒక్కటి దాటినా సంస్థ పై తరగతికి మారుతుంది. ఎగుమతుల విలువను టర్నోవర్‌లో కలపరు. పాన్, జీఎస్‌టీ లేని అతి చిన్న వ్యాపారులకు 2023 జనవరిలో ప్రారంభమైన ఉద్యమ్ అసిస్ట్ వేదిక వేరుగా ఉంది.

దరఖాస్తుకు రుసుము లేదు, పత్రాలేవీ అప్‌లోడ్ చేయనక్కర్లేదు. డబ్బు అడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు కాబట్టి, చిరునామా ‘గవ్.ఇన్’తో ముగుస్తోందో లేదో చూసుకున్నాకే వివరాలు ఇవ్వాలి. సొంత వ్యాపారమైతే యజమాని, భాగస్వామ్య సంస్థయితే మేనేజింగ్ పార్టనర్, హిందూ అవిభక్త కుటుంబమైతే కర్త తమ ఆధార్ నంబరు ఇవ్వాలి. కంపెనీ, ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం), సొసైటీ, ట్రస్టుల తరఫున అధీకృత సంతకందారు తన ఆధార్‌తో పాటు సంస్థ పాన్, జీఎస్‌టీ నంబర్లు ఇవ్వాలి. ఆధార్‌కు అనుసంధానమైన ఫోన్‌కు వచ్చే ఓటీపీతో మొదటి దశ, పాన్ ధ్రువీకరణతో రెండో దశ పూర్తవుతాయి. తర్వాత సంస్థ పేరు, యూనిట్లన్నింటి చిరునామాలు, వ్యాపారం మొదలైన తేదీ, బ్యాంకు ఖాతా, ఐఎఫ్‌ఎస్‌సీ, ఉద్యోగుల సంఖ్య నింపాలి. ఎన్ని యూనిట్లున్నా, ఎన్ని రకాల పనులు చేస్తున్నా ఒక సంస్థకు ఒకే నమోదు ఉంటుంది.

జాగ్రత్త పడవలసిన చోట్లు రెండు. ఒకటి, పనిని తెలిపే ఐదంకెల ఎన్‌ఐసీ కోడ్. తయారీ లేదా సేవ చేస్తున్నవారు పొరపాటున వర్తకం కోడ్ ఎంచుకుంటే నష్టపోతారు. ఎందుకంటే చిల్లర, టోకు వర్తకులకు 2021 జూలైలో ఇచ్చిన అవకాశం ప్రాధాన్య రంగ రుణాలకే (బ్యాంకులు తమ రుణాల్లో కొంత వాటా తప్పక కేటాయించాల్సిన రంగాల రుణాలు) పరిమితం, కింద చెప్పే బకాయిల వసూలు రక్షణ వారికి వర్తించదు. రెండోది, ఫోన్ నంబరు, ఈమెయిలు. నమోదు చేసిపెట్టిన ఏజెంటువి ఇచ్చి ఊరుకుంటే, రేపు అత్యవసరంలో ఓటీపీ కోసం అతని కోసం వెతుక్కోవాలి. చివరి ఓటీపీ తర్వాత క్యూఆర్ కోడ్‌తో ధ్రువపత్రం వస్తుంది. దానికి గడువు తేదీ లేదు, రెన్యువల్ అక్కర్లేదు. అయితే వివరాలను ఏటా సవరించుకోవాలి.

సంక్షోభంలో సంస్థను ముంచేది చాలాసార్లు ఆర్డర్లు లేకపోవడం కాదు, చేసిన పనికి డబ్బు రాకపోవడం. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు ఒప్పుకున్న గడువులోగా, ఎలాగైనా 45 రోజులు మించకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలవారీ చక్రవడ్డీతో కట్టాలి. ఉద్యమ్ నంబరుతో ఆన్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే అది సరఫరాదారు రాష్ట్రంలో ఇలాంటి బకాయి వివాదాలను తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళుతుంది. కొనుగోలుదారు ముంబయిలో ఉన్నా విజయవాడ సంస్థ ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌నే ఆశ్రయించవచ్చు. కౌన్సిల్ తీర్పును కోర్టులో సవాలు చేయాలంటే కొనుగోలుదారు ముందుగా 75 శాతం మొత్తం జమ చేయాలి.

అయితే సరఫరా తర్వాత చేయించుకున్న నమోదు పాత బిల్లులకు పనికిరాదని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. 2025 జనవరిలో ఇదే విషయాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించారు గానీ, ఆ ధర్మాసనం పాత తీర్పును మారుస్తుందని ఆశించి ఆగడం తెలివైన పని కాదు. ధ్రువపత్రం అందిన రోజు నుంచే ప్రతి ఇన్‌వాయిస్‌పై ఉద్యమ్ నంబరు ముద్రించాలి, సరుకు అందినట్టు డెలివరీ చలాన్‌పై తేదీతో సంతకం తీసుకోవాలి. గడువును లెక్కించేది ఆ తేదీ నుంచే.