కార్టూన్ వెనక రంగులు, 4వ పాఠం: అంతం లేని గోడ

పోయిన పాఠంలో వేసిన వంటగది ఎండిందా? అందులో బొమ్మ నిలబడడానికి మధ్యలో చోటు వదిలాం. ఈసారి ఆ బొమ్మను పరుగెత్తిద్దాం.

ఎమ్‌జీఎమ్ వాళ్ల పాత టామ్ అండ్ జెర్రీలు గుర్తు తెచ్చుకోండి. పిల్లి ఎలుకను తరుముతుంటే వెనక గోడ మీద పటం, దీపం, తలుపు వెళ్లిపోతుంటాయి. కాసేపటికి మళ్లీ అదే పటం, అదే దీపం, అదే తలుపు. ఆ ఇల్లు ఎంత పెద్దదో అని చిన్నప్పుడు నోరెళ్లబెట్టి చూసేవాణ్ని! తీరా చూస్తే అదొక పొడవాటి కాగితం. పరుగెత్తే బొమ్మ సెల్ మీద, అంటే వెనకదంతా కనిపించే పలచటి పారదర్శక షీటు మీద, ఉన్నచోటే కాళ్లాడిస్తుంది. కెమెరా కింద వెనక కాగితాన్ని ఫ్రేముకు (కెమెరా తీసే ఒక్కో ఫొటోకు) ఇంత అని జరుపుతారు. దీన్నే పాన్ అంటారు. కాగితం అయిపోగానే మళ్లీ మొదటికి తెస్తారు. అలా తెచ్చిన సంగతి చూసేవాళ్లకు తెలియకూడదు, అంతే.

ముందు లెక్క. ఫుల్ సైజు డ్రాయింగ్ షీటులోంచి 24 అంగుళాల పొడవు, అయిదున్నర అంగుళాల ఎత్తు ఉన్న పట్టీ కత్తిరించండి. పైనా కిందా అర అంగుళం అంచు వదిలేయండి. దళసరి అట్టలో 6 అంగుళాల వెడల్పు, నాలుగున్నర ఎత్తుతో కిటికీ కోయండి. అప్పటి సినిమా తెర కూడా దాదాపు ఇదే కొలతలో ఉండేది. పట్టీలో మొదటి 18 అంగుళాలు అసలు బొమ్మ. చివరి 6 అంగుళాల్లో మొదటి 6 అంగుళాల బొమ్మే అచ్చంగా మళ్లీ రావాలి. ఫ్రేముకు పావు అంగుళం చొప్పున 72 సార్లు జరిపితే 18 అంగుళాలు దాటి కిటికీ ఆ చివరి ముక్క మీదికి వస్తుంది. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి ఇదంతా 3 సెకన్ల పని. అక్కడ పట్టీని మొదటికి లాగేసినా తెర మీద తేడా రాదు.

రాకూడదు, కానీ వస్తుంది. పోస్టర్ కలర్ తడిగా ఉన్నప్పుడు ఒకలా, ఎండాక ఇంకోలా ఉంటుంది. నేను మొదటిసారి ఒక కొస ఇవాళ, రెండో కొస మర్నాడు మళ్లీ రంగు కలిపి వేశాను. గోడ ప్రతి 3 సెకన్లకు ఉలిక్కిపడేది. అందుకే రంగు ఒకేసారి సరిపడా కలుపుకుని రెండు కొసలూ ఒకే విడతలో వేయండి. గీతలు ట్రేసింగ్ పేపర్‌తో దించుకోండి.

ఇక గోడ మీద ఏం పెట్టాలి? కంటికి కొట్టేది ఏదీ వద్దు. ఎర్రటి పూలకుండీ ఒక్కటి పెట్టి చూడండి, చూసేవాళ్లు కథ వదిలేసి దాన్ని లెక్కపెడతారు. గోడ రంగుకు దగ్గరగా ఉండే వస్తువులు రెండు మూడు చాలు, ఎడాలు సమానంగా ఉండకూడదు. మొదటి 6 అంగుళాల్లో వివరం తగ్గిస్తే రెండోసారి వేసే శ్రమా తగ్గుతుంది.

కంచె వేయాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. పావు అంగుళానికొక కర్ర వేస్తే, ఒక ఫ్రేములో ఒక కర్ర ఉన్నచోటికి తర్వాతి ఫ్రేములో పక్క కర్ర వచ్చి నిలుస్తుంది. పిల్లి పరుగెడుతుంది, కంచె మాత్రం కదలదు! అర అంగుళానికొకటి వేస్తే ఎటు పోతోందో తెలియకుండా మినుకుమినుకుమంటుంది. వేగం ఎక్కువగా ఉన్న చోట నిలువు గీతలు తగ్గించి, పొడి కుంచెతో అడ్డంగా రంగు లాగేయడం మేలు.

ఆరుబయట ఇంకో చిక్కుంది. ఒకే కాగితం మీద దూరపు కొండ, దగ్గరి రాయి ఒకే వేగంతో పోతాయి, కన్ను నమ్మదు. డిస్నీ వాళ్లు 1937లో ‘ది ఓల్డ్ మిల్’ కోసం బొమ్మను దూరాన్ని బట్టి వేర్వేరు అంతస్తుల్లో పెట్టి చిత్రీకరించే మల్టీప్లేన్ కెమెరా వాడారు. మన దగ్గర అంత సరంజామా లేదు. ఈసారికి గదిలోనే ఉందాం.

పట్టీ కింది అంచున పావు అంగుళానికొక గుర్తు పెట్టుకోండి. కిటికీ అట్టను బల్లకు టేపుతో అతికించి, పట్టీని వెనక జరుపుతూ ఫోన్‌లో స్టాప్ మోషన్ యాప్‌తో ఫొటోలు తీయండి. రెండు చుట్లకు 144 ఫొటోలవుతాయి. ఏమీ చెప్పకుండా ఇంట్లో ఎవరికైనా చూపించి, గోడ ఎక్కడ కుదిపిందో అడగండి. వాళ్లు చూపించిన చోట పట్టీ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. వచ్చే పాఠానికి ఆ పట్టీ కావాలి, పారేయకండి.