గ్యాస్ తినే బ్యాక్టీరియా – 3వ పాఠం: జన్యువుల కన్నా ముందు ఎలక్ట్రాన్లు

కిందటి పాఠంలో చూసిన క్లాస్ట్రిడియం ఆటోఇథనోజెనం గుర్తుందిగా? కుందేలు పెంటికల నుంచి వేరుచేసిన ఈ బ్యాక్టీరియా 1994లో లోకానికి తెలిసింది. కార్బన్ మోనాక్సైడ్ తిని ఇథనాల్ ఇస్తుంది. జన్యువులు మార్చి దీనిచేత అసిటోన్, ఐసోప్రొపనాల్ కూడా చేయించామని 2022లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మనమూ జన్యువుల దగ్గరికి వెళ్దాం గానీ, ముందు ఒక లెక్క రావాలి. అది రాకుండా ప్లాస్మిడ్ల (జన్యువులను మోసుకెళ్లే చిన్న డీఎన్‌ఏ వలయాల) గురించి ఎంత చదివినా దండగే.

అణువులో ఒక్కో కార్బన్‌కు 4, ఒక్కో హైడ్రోజన్‌కు 1 కలపండి. ఒక్కో ఆక్సిజన్‌కు 2 తీసేయండి. మిగిలిందే ఆ అణువు ఇవ్వగలిగే ఎలక్ట్రాన్ల సంఖ్య; దాన్ని తయారు చేయడానికీ అన్నే కావాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు 2, హైడ్రోజన్ వాయువుకు 2. ఇథనాల్‌కు 8+6−2, అంటే 12. కార్బన్ డయాక్సైడ్‌కు సున్నా. అందుకే దాన్నొక్కదాన్నే పెడితే మన బ్యాక్టీరియా ఏమీ చేయలేదు.

ఇప్పుడు విశాఖ స్టీల్ ప్లాంట్ సంగతి చూద్దాం. కరిగిన ఇనుమును ఉక్కుగా మార్చే కన్వర్టర్ల నుంచి వచ్చే ఎల్‌డీ గ్యాస్‌లో ఎక్కువ భాగం కార్బన్ మోనాక్సైడే. (విషవాయువు. మన పాఠం కాగితం మీదే!) ఒక ఇథనాల్ అణువుకు 12 ఎలక్ట్రాన్లు కావాలి కాబట్టి ఆరు అణువుల కార్బన్ మోనాక్సైడ్ ఖర్చు. ఆరు కార్బన్లలో రెండే ఇథనాల్లోకి వెళ్తాయి, నాలుగు కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోతాయి. కిలోల్లో చెప్పాలంటే 168 కిలోల కార్బన్ మోనాక్సైడ్‌కు 46 కిలోల ఇథనాల్, 176 కిలోల కార్బన్ డయాక్సైడ్ (పెరిగిన బరువు నీటి నుంచి). జన్యువులు ఎంత మార్చినా ఈ లెక్క మారదు.

మార్చగలిగేది హైడ్రోజన్. అదే ప్లాంటులో బొగ్గును కోక్‌గా మార్చేటప్పుడు వచ్చే కోక్ ఓవెన్ గ్యాస్ ఉంది, అందులో సగానికి పైగా హైడ్రోజనే. రెండు కార్బన్ మోనాక్సైడ్లకు నాలుగు హైడ్రోజన్లు కలిపితే 4+8, మళ్లీ 12. ఈసారి కార్బన్ ఒక్కటీ వృథా కాదు. వినడానికి బాగుంది, కానీ ఆ గ్యాస్‌లో బ్యాక్టీరియాను చంపే సైనైడ్ వంటివి ఉంటాయి, శుభ్రం చేయాలి. పైగా కొలిమిలు వేడెక్కించడానికి దాన్ని ఇప్పటికే వాడుతున్నారు. ఇటు మళ్లిస్తే అక్కడ వేరే ఇంధనం వెతుక్కోవాలి. అసలు బేరం ఇక్కడే ఉందని నా ఉద్దేశం.

అభ్యాసం: ఐసోప్రొపనాల్‌లో మూడు కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. హైడ్రోజన్ సాయం లేకుండా ఎన్ని కార్బన్ మోనాక్సైడ్లు కావాలి? ఎన్ని కార్బన్లు బయటికి పోతాయి? తర్వాత విశాఖ దగ్గరి కాపులుప్పాడ చెత్త డంపింగ్ యార్డులో పుట్టే మీథేన్‌కు ఇదే లెక్క కట్టండి. 8 వస్తే సరిగ్గా చేసినట్టే. మొదటిదాని జవాబు 4వ పాఠంలో.