హకుబా వేసవి: పొద్దున కొండ మీద, పొద్దుగూకాక ఊళ్ళో

జపాన్‌లోని నగానో ప్రాంతంలో, ఉత్తర ఆల్ప్స్ కొండల కింద హకుబా అనే గ్రామం ఉంది. 1998 శీతాకాల ఒలింపిక్స్‌లో స్కీ జంపింగ్, డౌన్‌హిల్ పోటీలు ఇక్కడే జరిగాయి. అందుకే చాలామందికి ఇది మంచు ఊరిగానే తెలుసు. కానీ జూలై, ఆగస్టుల్లో ఇదే ఊరు పూల కొండ, చల్లని సరస్సు, వీధి నాట్యం అన్నీ ఒకే రోజులో చూపించగలదు. దానికి గడియారం మాట వినాలి.

టోక్యో నుంచి వచ్చేవాళ్ళు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. పదకొండింటికి దిగుతారు, భోజనం చేస్తారు, ఒంటిగంటకు గొండోలా (తీగ మీద కొండ ఎక్కించే పెట్టె) ఎక్కుతారు, పైన తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనబడక దిగివస్తారు. ఎండ పెరిగేకొద్దీ లోయలోని తడిగాలి కొండవాలు వెంట పైకి పాకి, శిఖరాల దగ్గర చల్లబడి మబ్బవుతుంది. చాలా రోజులు పది, పదకొండు గంటలకే కొండ మూసుకుపోతుంది. మధ్యాహ్నం దాటాక ఉరుములు రావచ్చు. అందుకని ముందురోజు సాయంత్రానికే ఊరు చేరండి. పొద్దున మొదటి గొండోలాకు వరుసలో నిలబడండి. మధ్యాహ్నం రెండింటిలోపు కిందికి వచ్చేయండి. తర్వాతి సమయమంతా సరస్సుకు, స్నానానికి, ఊరి పండుగకు ఉంచుకోండి.

ఎప్పుడు, ఎలా

జూన్ మొదట్లో మొదలయ్యే వానకాలం ఈ ప్రాంతంలో సాధారణంగా జూలై మూడో వారం ప్రాంతంలో ముగుస్తుంది. అక్కడి నుంచి ఆగస్టు పది వరకు పూలు, ఎండ రెండూ దొరికే రోజులు. ఆగస్టు 11 జపాన్‌లో కొండల దినోత్సవం, 2016 నుంచి ప్రభుత్వ సెలవు. వెంటనే 13 నుంచి 16 దాకా ఒబోన్ పండుగ వస్తుంది. ఆ వారం గదులు దొరకవు, దొరికినా ధర మండిపోతుంది. పండుగ చూడాలనుకుంటే నెలల ముందే గది తీసుకోండి. కొండ ఒక్కటే చాలనుకుంటే జూలై చివరి వారం, అందులోనూ సోమవారం నుంచి గురువారం మధ్య రండి.

టోక్యో నుంచి నగానో దాకా షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో సుమారు గంటన్నర, అక్కడి స్టేషన్ తూర్పు ద్వారం నుంచి హకుబాకు బస్సులో గంటా పావు. మత్సుమోతో వైపు నుంచి ఓయితో లైన్ రైలు కూడా ఉంది. అది పొలాల మధ్యగా, సరస్సుల పక్కగా వెళ్ళే అందమైన దారి, కాకపోతే రైళ్ళ మధ్య ఎడం చాలా ఎక్కువ. టైంటేబుల్‌ను ఫోటో తీసి పెట్టుకోండి.

హప్పో చెరువుకు నడక

ఒక్క నడకకే సమయం ఉంటే అది ఇదే. ఊరు సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంటే హప్పో చెరువు 2,060 మీటర్ల దగ్గర ఉంది. ఇందులో ఎక్కువ ఎత్తు యంత్రాలే ఎక్కిస్తాయి: ముందు గొండోలా, తర్వాత వరసగా రెండు కుర్చీ లిఫ్టులు. అవి 1,830 మీటర్ల దగ్గరి కొండ విడిది పక్కన దింపుతాయి. దారిలో మారడానికి పట్టే సమయంతో కలిపి నలభై నిమిషాలు వేసుకోండి.

లిఫ్టుల దగ్గర మనవాళ్ళు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ఇవి తలుపుల్లేని కుర్చీలు. వీపు సంచి తీసి ఒళ్ళో పెట్టుకోవాలి. చున్నీ, వేలాడే కొంగు, పొడవాటి సంచి పట్టీ కుర్చీ సందులో చిక్కుకుంటాయి. చున్నీ ఉంటే సంచిలో పెట్టేయండి, చీర వద్దు. దిగేచోట కాలు నేలకు ఆనగానే లేచి ముందుకు నడవాలి. అక్కడ ఆగి ఫోటో తీస్తే వెనక కుర్చీ వచ్చి తగులుతుంది.

విడిది దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఒకటి చెక్కపలకల బాట, ఇంకొకటి గట్టు మీది రాళ్ళ బాట. రెండో కెర్న్ అనే రాళ్ళ గుట్ట దగ్గర మళ్ళీ కలుస్తాయి. మరుగుదొడ్డి కూడా అక్కడే. అది దాటితే చెరువు దాకా ఇంకొకటి లేదు, కాబట్టి పిల్లల్ని అక్కడే తీసుకెళ్ళండి. వాడినందుకు డబ్బాలో వేయడానికి వంద యెన్ల నాణేలు ఉంచుకోండి. పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే రానూపోనూ చెక్కబాటే మంచిది, పూలు కూడా అటే ఎక్కువ. మోకాళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళు గట్టు మీదుగా ఎక్కి, చెక్కబాట మీదుగా దిగవచ్చు. ఎక్కడానికి గంట నుంచి గంటన్నర, దిగడానికి గంట.

ఇక్కడ జారిపడేవాళ్ళు ఎక్కువగా దిగేటప్పుడే పడతారు. ఈ గట్టు సర్పెంటైన్ అనే పచ్చటి, నున్నని రాయితో ఏర్పడింది. ఎన్నో కాళ్ళు తొక్కి తొక్కి అది పాలిష్ పట్టినట్టయింది, తడిస్తే సబ్బుబిళ్ళే. ఊళ్ళో తిరిగే స్నీకర్ల అడుగు దీని మీద ఆగదు. లోతైన గాళ్ళున్న ట్రెక్కింగ్ బూట్లు కావాలి, ఊళ్ళో అద్దెకు దొరుకుతాయి. దిగేటప్పుడు అడుగులు చిన్నవి వేయండి, పాదం మొత్తం ఆనించండి, మెరిసే రాయి మీద కాక దాని పక్కనున్న గరుకు మట్టి మీద వేయండి. వాన పడితే చెక్కపలకలు కూడా జారుతాయి. పలకల పొడవునా కాకుండా అడ్డంగా కొట్టిన చెక్కముక్కల మీద కాలు పెట్టండి.

ఆ రాయే ఈ కొండకు అందం కూడా తెచ్చింది. సర్పెంటైన్ మట్టిలో మామూలు చెట్లు బాగా ఎదగలేవు. అందుకని ఇక్కడ కింద పొట్టి ఎత్తుకొండ మొక్కలు, కొంత పైన పెద్ద చెట్లు కనబడతాయి. మిగతా కొండల్లో వరస దీనికి తిరగబడి ఉంటుంది. ఎడెల్‌వైస్ జాతి పువ్వొకటి హప్పో పేరుతోనే పిలవబడుతోంది. జూలైలో పసుపుపచ్చ లిల్లీలు, దూదిపింజల్లాంటి కాటన్‌గ్రాస్, తెల్లటి చింగురుమా పూలు చూడవచ్చు. ఇది చూబు సంగకు జాతీయ వనంలో భాగం. పువ్వు తుంచకూడదు, రాయి తీసుకెళ్ళకూడదు, తాడు దాటకూడదు.

గాలి లేని ఉదయం చెరువులో షిరోఉమా (2,932 మీటర్లు), షకుషి (2,812), యారి (2,903) శిఖరాలు మూడూ తలకిందులుగా కనబడతాయి. ఫోటో కోసం ఒడ్డున కిందికి వంగి, కెమెరాను నీటికి దగ్గరగా పట్టండి. నిలబడి తీస్తే ప్రతిబింబం సగమే పడుతుంది. కప్పలు, సాలమాండర్లు గుడ్లు పెట్టే నీళ్ళవి, చేతులు కూడా పెట్టవద్దు. జూన్ చివరిదాకా చెరువు మీద మంచు ఉండొచ్చు, అప్పుడు ప్రతిబింబం ఆశించకండి.

చెరువు దాటి కరమత్సు శిఖరానికి (2,696 మీటర్లు) వెళ్ళే దారి ఇంకో లెక్క. అక్కడి నుంచి అది పర్వతారోహణే. నగానో నిబంధనల ప్రకారం ముందుగా ఆరోహణ పత్రం ఇవ్వాలి. చెరువు దాకా వచ్చిన ఉత్సాహంతో "ఇంకాస్త" అంటూ ముందుకు వెళ్ళినవాళ్ళే ఆఖరి లిఫ్టు తప్పిపోతారు. ఆఖరి లిఫ్టు సమయం రుతువును బట్టి మారుతుంది. టికెట్ కౌంటర్ దగ్గర రాసిపెట్టిన సమయం చూసి, దానికి గంట ముందే మీ గడువు పెట్టుకోండి. ఉరుము వినబడితే లిఫ్టులు ఆపేస్తారు. అప్పుడు రాళ్ళ గుట్ట పక్కన నిలబడకుండా, గట్టు నుంచి కిందికి, విడిది వైపు నడవండి.

బట్టల లెక్క తేలిక. ప్రతి వంద మీటర్లకు సుమారు 0.6 డిగ్రీలు తగ్గుతుంది. ఊళ్ళో 30 ఉంటే చెరువు దగ్గర 22. గాలి వీస్తే ఒంటికి ఇంకా చల్లగా తగులుతుంది. నూలు బనియన్ చెమటతో తడిసి ఆరదు, ఆగగానే వణుకు పుట్టిస్తుంది. పాలియెస్టర్ టీషర్టు, పైన పల్చని ఉన్ని లేదా ఫ్లీస్, సంచిలో చొక్కా-ప్యాంటు రెండూ ఉన్న రెయిన్‌కోటు సరిపోతాయి. గట్టు మీద గొడుగు పనికిరాదు, తిరగబడుతుంది. జీన్స్ తడిస్తే నడవలేరు. మనిషికి లీటరున్నర నీళ్ళు, రెండు ఒనిగిరి (అన్నం ముద్దలు), ఉప్పు బిళ్ళలు పెట్టుకోండి. చెత్తడబ్బాలు ఉండవు, అరటితొక్కతో సహా వెనక్కి తెచ్చుకోవాలి. అడవి బాటల్లో వెళ్ళేవాళ్ళు సంచికి చిన్న గంట కట్టుకోండి, ఈ కొండల్లో నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి.

పెద్ద మంచు లోయ

షిరోఉమా ఎక్కే పాత దారి సరుకురా అనే చోటు నుంచి మొదలై, మూడున్నర కిలోమీటర్ల దాకా సాగే మంచు లోయ గుండా పోతుంది. మండువేసవిలో మంచు మీద నడవవచ్చని ఆశపడి చాలామంది వస్తారు. అంచు దాకా గంట నడిచి, చూసి, వెనక్కి రావడం ఎవరైనా చేయవచ్చు. మంచు మీద కాలు పెట్టాలంటే మాత్రం బూట్లకు నాలుగు లేదా ఆరు పళ్ళ క్రాంపాన్లు (మంచులో దిగే ఇనుప ముళ్ళ పట్టీలు), తలకు హెల్మెట్ తప్పనిసరి అనుకోండి. ఇక్కడ అసలు ప్రమాదం జారడం కంటే రాళ్ళది. మంచు మీద దొర్లే రాయి చప్పుడు చేయదు. అందుకే పైకి చూస్తూ నడవాలి, మంచు మీద కూర్చుని తినకూడదు. ఆగస్టు ముదిరేకొద్దీ మంచు పలచబడి పగుళ్ళు పడతాయి, దారి మూసేస్తారు. ఆ రోజు పరిస్థితి సరుకురాలో అడగకుండా కదలవద్దు.

మధ్యాహ్నం నీటి దగ్గర, తర్వాత వేడినీళ్ళలో

ఊరికి దక్షిణాన వరసగా మూడు సరస్సులున్నాయి: అవోకి, నకత్సునా, కిజాకి. అవోకి లోతు 58 మీటర్లు, నగానోలోని సహజ సరస్సుల్లో అన్నిటికన్నా లోతైనది. తెడ్డు పలక మీద నిలబడి తిరగడానికి, కానూకు ఇది బాగుంటుంది. పైన నీళ్ళు వెచ్చగా ఉన్నా కిందవి గడ్డకట్టే చల్లన. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ విప్పవద్దు. గాలి లేచాక తిరిగిరావడం కష్టం, వెళ్ళేటప్పుడే గాలికి ఎదురుగా తెడ్డు వేసి, వచ్చేటప్పుడు గాలిని వెనక పెట్టుకోండి.

సాయంత్రం ఒన్‌సెన్, అంటే వేడినీటి ఊట స్నానం. హప్పో వేడినీళ్ళ పీహెచ్ 11 దాటుతుంది, అంటే క్షారగుణం బాగా ఎక్కువ, ఒళ్ళంతా జారుడుగా, మెత్తగా అనిపిస్తుంది. చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా కడుక్కున్నాకే తొట్టిలో దిగాలి. బట్టలేవీ ఉండకూడదు. ఆడవాళ్ళకు, మగవాళ్ళకు వేరువేరు గదులు. జుట్టు ముడి వేయండి, చిన్న తువ్వాలు నీళ్ళలో ముంచకండి. ఎండలో నడిచి వచ్చిన రోజు పది నిమిషాలు చాలు, ఎక్కువైతే లేవగానే కళ్ళు తిరుగుతాయి.

శాకాహారులకు ఇక్కడ చిక్కు మాంసంతో కాదు, దషితో. చేపతో కాచిన ఆ పులుసు సోబా నూడుల్స్ ముంచుకునే రసంలో, కూరల్లో, కొన్నిసార్లు ఒయాకి రొట్టెల కూరలో కూడా ఉంటుంది. "నికు మో సకానా మో తబేమసేన్, దషి మో దమే దెస్" అని చెప్పండి: మాంసం, చేప రెండూ తినను, దషి కూడా వద్దు. ఉప్పులో ఊరేసిన ఊమె కాయ లేక కొంబు అనే సముద్రపు నాచు పెట్టిన ఒనిగిరి, చిక్కుడు ముద్ద పెట్టిన తీపి ఒయాకి మనకు దగ్గరి రుచులు. చిన్న డబ్బాలో ఆవకాయ తెచ్చుకున్నవాళ్ళు పశ్చాత్తాపపడరు.

బోన్ నాట్యంలో కలవడం

ఒబోన్ రోజుల్లో పూర్వీకుల ఆత్మలు ఇంటికి వస్తాయని నమ్మకం. మహాలయ పక్షం తెలిసినవాళ్ళకు దీని భావం విప్పి చెప్పనక్కర్లేదు. ఆ ఆత్మలతో కలిసి చేసే నాట్యమే బోన్ ఒదోరి. బడి ఆవరణలోనో గుడి ముందో మధ్యలో యగురా అనే చెక్క మంచె వేసి, దాని మీద డోలు వాయిస్తారు. చుట్టూ వలయాలుగా జనం తిరుగుతారు. బతుకమ్మ చుట్టూ తిరిగినట్టే ఉంటుంది, అడుగూ చప్పట్లూ తెలిసినవాళ్ళు ఇందులో త్వరగా ఒదిగిపోతారు. ఎక్కడ, ఎప్పుడు అన్నది స్టేషన్ దగ్గరి పర్యాటక కేంద్రంలోనో మీ విడిది యజమానినో అడగండి.

ఎవరూ పిలవరు, పిలవనక్కర్లేదు కూడా. మంచెకు దగ్గరున్న వలయంలో బాగా తెలిసిన పెద్దావిడలు ఉంటారు. వాళ్ళు కనబడేలా బయటి వలయంలో, ఒకరి వెనక నిలబడండి. మొదటి పాటంతా చేతులు వదిలేసి కాళ్ళు మాత్రమే అనుకరించండి. రెండోసారి చేతులు కలపండి. బాగా వినబడే వాటిలో బొగ్గుగని పని పాటొకటి: కుడివైపు రెండుసార్లు తవ్వడం, ఎడమవైపు రెండుసార్లు, బుట్ట భుజం మీదికి ఎత్తినట్టు కుడికి, ఎడమకు, నుదుట చేయి అడ్డం పెట్టి వెనక్కి చూడటం, బండి తోసినట్టు రెండుసార్లు, చేతులు విప్పి చప్పట్లు. అంతే, మళ్ళీ మొదటికి. వరసలో వేగం తప్పితే ఆగకండి, నడుస్తూనే అందుకోండి. ఆగితే వెనకవాళ్ళందరూ ఆగిపోతారు.

యుకతా (వేసవి నూలు కిమోనో) వేసుకుంటే ఒకటి తప్పకూడదు. ముందు కుడివైపు అంచు ఒంటికి చుట్టి, దాని మీద ఎడమవైపు అంచు రావాలి. మీ కుడిచేయి రొమ్ము దగ్గరి మడతలో సులభంగా దూరితే సరిగ్గా ఉన్నట్టు. తిరగేసి కట్టడం చనిపోయినవాళ్ళకు మాత్రమే, అందులోనూ ఆత్మల పండుగలో అది చూసేవాళ్ళకు గుండె చివుక్కుమంటుంది. గేతా అనే చెక్క చెప్పుల పట్టీ బొటనవేలి సందున కొరుకుతుంది, అక్కడ ముందే టేపు అంటించండి.

ఆగస్టు 15 రాత్రి కిజాకి సరస్సులో దీపాలు వదులుతారు, బాణసంచా కాలుస్తారు. నీళ్ళ మీద కాగితపు దీపాలు కదులుతుండగా పైన వెలుగు పూలు విచ్చుకుంటాయి, ఒడ్డున ఉన్నవాళ్ళు చాలాసేపు మాట్లాడరు. దగ్గరి స్టేషన్ షినానో-కిజాకి. చీకటి పడకముందే చేరి, పరుచుకోవడానికి ఒక పట్టా, దోమల మందు, చలికి ఒక చొక్కా పెట్టుకోండి. కారుకు చోటు దొరకడం కష్టం. రైలైతే తిరిగివచ్చే ఆఖరి బండి సమయం ముందే రాసుకుని, తిరుగు టికెట్‌కు చిల్లర చేతిలో ఉంచుకోండి. చివరి బాణం పేలాక లేస్తే ప్లాట్‌ఫారం నిండిపోతుంది, దానికి పది నిమిషాల ముందే నడక మొదలుపెట్టండి. స్టేషన్ దారిలో వెనక్కి తిరిగితే బాణసంచా అక్కడి నుంచి కూడా కనబడుతూనే ఉంటుంది.