పరావలయాన్ని పిల్లల చేత కట్టించే పద్ధతి: ఎండ దోనె

పదో తరగతిలో వర్గ బహుపదికి గ్రాఫు గీయించి, వచ్చిన వంపును పరావలయం అంటారని చెప్పి తరువాతి లెక్కకు వెళ్లిపోవడం మనలో చాలామందికి అలవాటు. నేనూ కొన్నేళ్లు అలాగే చెప్పాను. పిల్లలకు గ్రాఫు మార్కులు వచ్చాయి గానీ, పరావలయం లోపల ఉండే నాభి అనే బిందువు దేనికి పనికొస్తుందో ఒక్కరూ చెప్పలేకపోయారు. కావలి చుట్టుపక్కల బడుల్లో ఎండకు కొదవ లేదు కనుక, ఆ ఎండను ఒక్క గీత మీదికి చేర్చే దోనెను పిల్లల చేతే కట్టించవచ్చు. నెల్లూరు జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పడుతుంది కాబట్టి, సంక్రాంతి సెలవులు కాగానే మొదలుపెట్టడం మంచిది.

సమీకరణం ముందుగా చెప్పవద్దు. కాగితం మడతతో మొదలుపెట్టండి. సుమారు 70 సెం.మీ. పొడవుండే మామూలు డ్రాయింగు చార్టును అడ్డంగా పరిచి, కింది అంచు నడిమికి సరిగ్గా 30 సెం.మీ. పైన ఒక చుక్క పెట్టించాలి. ఆ చుక్క నాభి, కింది అంచు నియతరేఖ. అంచు మీద నడిమి నుంచి ఇరువైపులా 30 సెం.మీ. దాకా, 5 సెం.మీ.కు ఒకటి చొప్పున గుర్తులు పెట్టి, ఒక్కొక్క గుర్తూ చుక్క మీదికి వచ్చేలా కాగితాన్ని మడిచి, గోటితో గట్టిగా రుద్ది విప్పాలి. గుర్తు నుంచి నిలువుగా గీసిన గీత దాని మడతను కలిసిన చోటే పరావలయం మీది బిందువు. మడత, గుర్తునూ చుక్కనూ కలిపే గీతకు లంబ సమద్విఖండన రేఖ కనుక, ఆ బిందువు నుంచి నాభికీ అంచుకూ దూరం ఒక్కటే.

ఇక్కడ తొందరపడవద్దు. పై నుంచి నిలువుగా దిగిన కిరణం ఆ మడతను అద్దంలా తాకితే నాభి వైపే మళ్లుతుందని, కోణమానినితో రెండు కోణాలూ కొలిపించి పిల్లల చేతే చెప్పించాలి. దోనె పనిచేయడానికి కారణమంతా ఆ మడతలోనే ఉంది.

ఇక కొలతలు. శీర్షం, అంటే వంపు అట్టడుగు బిందువు, అంచుకు 15 సెం.మీ. పైన ఉంటుంది. అక్కడి నుంచి అడ్డంగా 10, 20, 30 సెం.మీ. వెళితే వంపు వరుసగా 1.67, 6.67, 15 సెం.మీ. లేస్తుంది. అడ్డం దూరపు వర్గాన్ని 60తో భాగిస్తే ఎత్తు వస్తోందని, ఆ 60 నాభి దూరమైన 15కు నాలుగు రెట్లేనని పిల్లలే పట్టుకుంటారు.

ఈ వంపును దళసరి అట్ట మీదికి దించి రెండు పక్కపలకలు కోసి, 25 సెం.మీ. ఎడంగా నిలబెట్టి, అడుగున అట్టముక్కలతో బిగించాలి. ఆ పలకల వంపు మీద పరవడానికి ఇంకో చార్టు కోయాలి. ఒక జట్టు దోనె వెడల్పు 60 కదా అని చార్టును 60 సెం.మీ.కే కోసింది, వంపులో కూర్చోబెట్టగానే ఒక పక్క దాదాపు 9 సెం.మీ. ఖాళీ మిగిలింది. వంపు పొడవు సుమారు 69 సెం.మీ. ఉంటుందని దారం వేసి కొలిచాక ఆ జట్టుకు తెలిసినంత గట్టిగా నేను చెప్పినా తెలిసేది కాదు. చార్టు మీద వంటింటి అల్యూమినియం ఫాయిలును మెరిసే వైపు పైకి ఉంచి, ముడతలు పడకుండా మెత్తని గుడ్డతో ఒత్తుతూ అతికించాలి. ముడత పడితే వెలుగు గీత పలచబడి వెడల్పవుతుంది. పలకల పై అంచు నాభి ఎత్తులోనే ఉంటుంది కనుక, అంచుల నడుమ దారం లాగి కట్టి, ఆ దారం మధ్యన ప్రతి పలకకూ చిన్న అట్టముక్క అతికించి, వాటిలో సైకిల్ స్పోకు గుచ్చితే సరిపోతుంది.

దోనెను తూర్పు పడమరలుగా పెట్టి దక్షిణానికి వాల్చాలి. స్పోకు నీడ శీర్షరేఖ మీద పడితే దోనె సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉన్నట్లు. సముద్రపు గాలికి కదలకుండా ఇటుకలు ఆనించండి. వెలుగు గీతను నేరుగా చూడనివ్వవద్దు. పని లేనప్పుడు దోనె మీద గుడ్డ కప్పి ఉంచండి. సన్నని కాగితపు పట్టీని పైకీ కిందికీ జరుపుతూ గీత ఎక్కడ అన్నిటికన్నా సన్నగా ఉందో గుర్తించి, శీర్షం నుంచి ఆ ఎత్తును స్కేలుతో కొలిపించి, 15కు ఎంత తేడా వచ్చిందో, ఎందుకు వచ్చిందో ప్రతి జట్టు చేతా రాయించాలి. మర్నాటి తరగతికి ఒక ప్రశ్న ఇవ్వండి: వెడల్పు 60 సెం.మీ. అలాగే ఉంచి నాభి దూరం 20 చేస్తే దోనె లోతు ఎంత, స్పోకును అంచుకు ఎంత పైన నిలపాలి?