పాత ఛానెల్ ఖాళీ చేసే ముందు: ఐఆర్‌సీ గుంపులకు కొన్ని జాగ్రత్తలు

ఐఆర్‌సీ అంటే ఇంటర్నెట్‌లో టైప్ చేసి గుంపుగా మాట్లాడుకునే పాత పద్ధతి, ఛానెల్ అంటే అందులో ఒక గది. మా ఛానెల్ తెరిస్తే పదకొండు పేర్లు కనిపిస్తాయి. వాటిలో రెండు బాట్‌లు, అంటే మనుషులు కాదు, ప్రోగ్రాములు; ఇంకో రెండు ఏళ్ల తరబడి పలకని మనుషులవి. పోయిన నెల నారాయణగూడలో ఇరానీ చాయ్ తాగుతుంటే ఒక ఇంజనీరింగ్ కుర్రాడు "అన్నా, మీ గ్రూప్ లింక్ పంపవా" అన్నాడు. నేను సర్వర్ పేరు, పోర్టు నంబరు, నిక్ (ఐఆర్‌సీలో వాడే మారుపేరు) రిజిస్టర్ చేసే పద్ధతి చెప్పడం మొదలుపెట్టాను. నా చాయ్ చల్లారేలోపే అతను ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. ఆ రాత్రి మా వాళ్ల మధ్య పాత గొడవే మళ్లీ మొదలైంది. ఉన్నదాన్ని బాగు చేసుకుందామా, మ్యాట్రిక్స్, డిస్కార్డ్ లాంటి కొత్త చాట్ వేదికకు పోదామా?

రెండింటిలో ఏది చేసినా గుంపు చెదిరిపోయే ప్రమాదం మాత్రం ఒకటే. అందుకే ఏది గొప్పదో తేల్చడం పక్కన పెట్టి, చేయి వేసే ముందు చూసుకోవాల్సినవి రాస్తున్నాను.

ముందు నొప్పి ఎక్కడుందో కనుక్కోండి. ఐఆర్‌సీని 1988లో ఫిన్లాండ్‌లోని ఊలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికరినెన్ తయారు చేశాడు. 1993లో దాని నిబంధనలు కాగితం మీదికొచ్చాయి. అంత పాతది కాబట్టి ప్రతి ఇబ్బందికీ దాన్నే తిడతాం. కానీ "నేను లేనప్పుడు ఏం మాట్లాడారో కనిపించదు" అన్న ఫిర్యాదుకు బౌన్సర్, అంటే మన బదులు ఎప్పుడూ ఛానెల్‌లో ఉండి మాటలు దాచిపెట్టే ప్రోగ్రామ్, చాలు. ఐఆర్‌సీ-వీ3 పేరుతో ఇన్నేళ్లుగా చేరుస్తున్న కొత్త సదుపాయాల్లో వెనకటి మాటలు తెచ్చుకోవడం, ఏ మాట ఎప్పుడన్నారో సరైన సమయంతో చూపడం కూడా ఉన్నాయి. ఎర్గో లాంటి సర్వర్ పెట్టుకుంటే బౌన్సర్ కూడా విడిగా అక్కర్లేదు. ఒక మాట: ఎర్గోలో వెనకటి మాటలు మామూలుగా మెమరీలోనే ఉంటాయి. డేటాబేస్ కలపకుండా సర్వర్ రీస్టార్ట్ చేశారో, అన్నీ పోతాయి.

తెలుగులో రాసేవాళ్లకు అసలు నొప్పి వేరే ఉంది. ఐఆర్‌సీలో ఒక మెసేజ్‌కు మొత్తం 512 బైట్లే. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు కావాలి. మన నిక్, ఛానెల్ పేరు, లైను చివరి గుర్తులు అన్నీ అందులోనే ఇమడాలి. "హైదరాబాద్" అని ఇంగ్లిష్‌లో కొడితే 9 బైట్లు, తెలుగులో కొడితే 27. ఒక్క "స్త్రీ"కే 18. అంటే లైనుకు దాదాపు నూట నలభై గుర్తులు, అందులో గుణింతాలూ ఒత్తులూ లెక్కే. మనం పేరాగ్రాఫ్ కొడితే కొన్ని యాప్‌లు వాటంతటవే రెండు మూడు ముక్కలు చేసి పంపుతాయి. కొన్ని చేయవు. అప్పుడు చివరి అక్షరం మధ్యలో తెగి, అవతలివాళ్లకు ప్రశ్నార్థకం ఉన్న డబ్బా కనిపిస్తుంది. పొడవు మెసేజ్‌ల కోసం కొత్త సదుపాయం వచ్చింది కానీ సర్వర్‌కీ, యాప్‌కీ రెండింటికీ తెలిసి ఉండాలి. కాబట్టి బాగు చేయడమే మీ నిర్ణయమైతే, పరీక్ష ఇంగ్లిష్‌లో "హలో" కొట్టి ముగించకండి. ఒత్తులున్న పొడవాటి తెలుగు పేరా ఒకటి, ఫోన్ నుంచి, మొబైల్ డేటా మీద పంపి చూడండి.

తర్వాత తాళాలు. ఛానెల్ ఎవరి పేరు మీద ఉంది? చాలా గుంపుల్లో అది ఎప్పుడో అమెరికా వెళ్లిపోయి, ఇటు తొంగిచూడని మనిషి పేరు మీద ఉంటుంది. ఎక్కువకాలం లాగిన్ కాని నిక్‌లను చాలా నెట్‌వర్క్‌లు తీసేస్తాయి. కనీసం ఇద్దరి పేరు మీదికి మార్పించాకే మిగతా పని. మా తప్పు ఇంకాస్త సిగ్గుపడాల్సింది. మా డొమైన్ పేరు ఒకరి ఆఫీసు మెయిల్‌తో కొన్నాం. ఆయన ఉద్యోగం మారాడు. రెన్యూవల్ మెయిళ్లన్నీ ఎవరూ తెరవని డబ్బాలోకి పోయాయి. ఒక సోమవారం పొద్దున లేచేసరికి మా చిరునామాలో ఏదో లోన్ల ప్రకటన ఉంది. అప్పుడు వెళ్లిపోయిన నలుగురు ఇప్పటికీ తిరిగి రాలేదు.

ఇల్లు మారితే పాత వాకిట్లో ఒక చీటీ అంటిస్తాం కదా, ఛానెల్‌లో ఆ చీటీ టాపిక్ లైనే, అంటే లోపలికి రాగానే పైన కనిపించే వాక్యం. కానీ ఆ వాకిలి మీ చేతుల్లోనే ఉంటుందని నమ్మకండి. 2021 మే 19న ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్ నడిపే వాలంటీర్లు యాజమాన్యంతో తగవుపడి, రాజీనామాలు చేసి బయటికొచ్చి అదే రోజు లిబెరా చాట్ అనే కొత్త నెట్‌వర్క్ మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి, టాపిక్‌లో లిబెరా పేరు రాసుకున్న వందల ఛానెళ్లను ఫ్రీనోడ్ స్వాధీనం చేసుకుంది. జూన్‌లో సర్వర్ సాఫ్ట్‌వేర్ మార్చేటప్పుడు పాత నిక్‌లు, ఛానెళ్ల రిజిస్ట్రేషన్లు మొత్తం తుడిచేసింది. చిరునామా టాపిక్‌లో మాత్రమే రాసుకున్నవాళ్లకు ఏమీ మిగల్లేదు. సభ్యుల మెయిల్ ఐడీలతో ఒక జాబితా, వాళ్లని అడిగే, విడిగా దాచుకోండి. లాగ్‌లు, అంటే పాత మాటల రికార్డులు, మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా రెండుచోట్ల ఉండాలి. వాటిలో ఎవరి ఫోన్ నంబరో, పాస్‌వర్డో ఉందేమో వెతికి తీసేశాకే పంచుకోవాలి.

"రెండూ ఉంచుకుని మధ్యలో బ్రిడ్జి వేద్దాం" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. బ్రిడ్జి అంటే ఇటు మాటలు అటు, అటు మాటలు ఇటు మోసే ప్రోగ్రామ్. మా దగ్గర ఆ మాట అన్నది నేనే. వినడానికి బాగుంటుంది, ఎవరినీ నొప్పించదు. కానీ ఆ బ్రిడ్జి వేరేవాళ్లది. ఆఫీసుల్లో వాడే చాట్ యాప్ స్లాక్ తన ఐఆర్‌సీ దారిని 2018 మేలో మూసేసింది. లిబెరాకూ మ్యాట్రిక్స్‌కూ మధ్య నడిచిన పెద్ద బ్రిడ్జి 2023 ఆగస్టులో ఆగి, మళ్లీ తెరుచుకోలేదు. దాని మీద ఆధారపడ్డ గుంపులు ఒక్కరోజులో రెండుగా చీలిపోయాయి. ఇటువాళ్లు అడిగే ప్రశ్న అటువాళ్లకు చేరదు, చేరలేదని కూడా తెలియదు. బ్రిడ్జి వేసుకుంటే నెలకో, రెండు నెలలకో తీసేసే తేదీ ముందే రాసుకుని వేయండి.

కొత్త చోటు చూసేటప్పుడు హాలు కాదు, వెనక తలుపు చూడండి. మనం అన్న మాటలు మూటగట్టుకుని బయటికి రాగలమా? స్లాక్ ఉచిత ప్లాన్‌లో 2022 సెప్టెంబర్ నుంచి 90 రోజుల మాటలే కనిపిస్తాయి. డిస్కార్డ్‌ని మీ డేటా అడిగితే మీరు రాసిన మెసేజ్‌లే ఇస్తుంది, గుంపు మొత్తానివి కాదు. జులిప్ అనే ఇంకో చాట్ వేదిక అన్నీ దించుకోనిస్తుంది, సర్వర్ మనమే పెట్టుకోవచ్చు, అంశాలవారీగా మాట్లాడుకునే పద్ధతి నాకు నచ్చింది కూడా. కానీ మా పెద్దవాళ్లకు అలవాటు కాలేదు. మ్యాట్రిక్స్‌లో గది తెరిచేటప్పుడు ఎన్‌క్రిప్షన్ మీట (గదిలోవాళ్లకు తప్ప ఎవరికీ చదవరాకుండా మాటలకు తాళం వేసేది) ఆలోచించి నొక్కండి. ఒకసారి ఆన్ చేస్తే ఆ గదికి ఇక ఆఫ్ లేదు. ఎవరైనా రావచ్చనే గదికి అది దండగ, ఆ తాళం తెరిచే రికవరీ కీ పోగొట్టుకున్నవాళ్లకు పాత మాటలు తెరుచుకోక టెన్షన్ కూడా. ఇంకొకటి, 2023 మేలో కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 14 మెసేజింగ్ యాప్‌లలో మ్యాట్రిక్స్‌కు ఎక్కువమంది వాడే ఎలిమెంట్ కూడా ఉంది. ఒక్క యాప్ మీదే కాళ్లు పెట్టకుండా రెండోది కూడా అందరికీ నేర్పించండి.

వాట్సాప్ గ్రూప్ చాలు కదా అనేవాళ్లకు ఒకే మాట: మా గుంపులోకి వచ్చే అమ్మాయిలు తమ నంబరు కొత్తవాళ్లందరికీ కనిపించడం ఇష్టపడరు.

సర్వర్ ఇంట్లోనే చిన్న పెట్టె మీద నడుపుదామనే ఉబలాటం కూడా వస్తుంది. హైదరాబాద్‌లో ఆ పని చేయకండి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాక, నగరమంతా స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించడం మొదలైంది. ఎన్నో ఇళ్లకు నెట్ పోయింది. స్తంభాల మీద ఆ తీగల గుత్తులు చూసినవాళ్లెవరూ కత్తిరించడాన్ని తప్పుపట్టరు, కానీ మీ సర్వర్ ఆ గుత్తుల చివర ఉండకూడదు. వానాకాలం కరెంటు సంగతి చెప్పనే అక్కర్లేదు. నెలకు నాలుగైదు వందలకు అద్దె సర్వర్ దొరుకుతుంది. డబ్బు ఏడాదికి ముందే కట్టి, తేదీ ముగ్గురి క్యాలెండర్లలో రాయించండి.

మారే రోజు సంక్రాంతికో, నిమజ్జనం వారానికో పెట్టుకోవద్దు. ఊళ్లకు వెళ్లినవాళ్లు తిరిగొచ్చేసరికి ఖాళీ ఛానెల్ చూసి గుంపే లేదనుకుంటారు. కొత్తింట్లో పాలు పొంగాక కూడా ఆరు నెలలు పాతదాంట్లో ఒక మనిషి రోజూ కూర్చోవాలి. బాట్ కాదు, మనిషి. దారి తప్పి వచ్చినవాడికి బాట్ పంపే లింక్ వేరు, "రా తమ్ముడూ, ఇటు" అనడం వేరు.

మేం ప్రస్తుతానికి ఐఆర్‌సీనే బాగు చేస్తున్నాం. ఎర్గో పెట్టి, బ్రౌజర్‌లో నొక్కితే తెరుచుకునే లింక్ ఒకటి తయారు చేశాం. పోయిన ఆదివారం నారాయణగూడ కుర్రాడికి అది పంపాను. అర నిమిషంలో లోపలికొచ్చి, తనెవరో, ఏ కాలేజో, ఏం చేయాలనుకుంటున్నాడో పెద్ద తెలుగు పేరా రాశాడు. సగం వరకే వచ్చింది. సర్వర్‌లో పొడవు మెసేజ్‌లు ఆన్ చేశాను గానీ, ఆ బ్రౌజర్ యాప్‌కి అవి తెలుసో లేదో చూడనే లేదు.