కిటికీ అద్దం వెనక పెట్టిన కెమెరాల రాత్రి ఏం కనిపిస్తలేదా? కొత్తది కొనకముందు ఇవి చూస్కోండ్రి

మన హన్మకొండ, కాజీపేట దిక్కు కెమెరాను బయట గోడకు కాకుండ లోపల కిటికీ కాడ పెట్టుకునేటోళ్లు మస్తుమంది ఉన్నరు. కిరాయి ఇల్లైతే ఓనర్ గోడకు డ్రిల్ వెయ్యనియ్యడు, సొంత ఇల్లైతే కోతులు వచ్చి వైర్లు గుంజుతయి, కెమెరా మెడ వంచి ఆకాశం దిక్కు తిప్పి పోతయి. అందుకే లోపల నుంచి పెడుతరు, దాంట్ల తప్పేం లేదు, పగటిపూట బొమ్మ మంచిగనే వస్తది. లొల్లంతా చీకటి పడినంకనే. తెల్లగ పొగలెక్క కనిపిస్తది, లేకపోతే నల్లగ అయితది, లేకపోతే గేటుకు బదులు మన రూమే కనిపిస్తది. ఇగ కెమెరా ఖరాబు అనుకుని వాపస్ ఇస్తరు, ఇంకో రెండువేలు ఎక్కువ పెట్టి పెద్దది తెస్తరు, అది గూడ అట్లనే చేస్తది. నేను ఫిట్టింగులకు పోయిన ఇండ్లల్ల ఇసొంటి కంప్లైంట్ వచ్చిన కాడ చానాసార్లు కెమెరా మంచిగనే ఉంటది.

అన్నిటికన్న ముందు ఒక్క పని చెయ్యుండ్రి. రాత్రి పూట, కెమెరా ఉన్న జాగల నుంచి కదిలియ్యకుండ, కిటికీ అద్దం పక్కకు జరుపుండ్రి. దోమల జాలి ఉంటె అది గూడ జరుపుండ్రి. ఫోన్ల లైవ్ పెట్టి ఒక నిమిషం చూడుండ్రి. బొమ్మ సాఫ్ అయితే కెమెరాకు ఏం రోగం లేదు, లొల్లి అద్దంతోనే. సాఫ్ కాకపోతే అప్పుడు కెమెరానో బయట వెలుతురో ఆలోచించాలె. ఇంత అల్కటి చెక్, చేతితోని అద్దం జరిపేదే, ఇది చెయ్యకుండనే జనాలు యాప్ డిలీట్ చేసి మల్ల ఎక్కిస్తరు, రూటర్ మారుస్తరు, షాపోనితోని కొట్లాడుతరు. చూస్తుంటె బాధైతది, నిజంగ.

స్క్రీన్ మొత్తం తెల్లగ ఉంది, లేకపోతే నడిమిట్ల తెల్ల చుక్కలు గుండ్రంగ కనిపిస్తున్నయి

ఇది కెమెరా సొంత ఐఆర్ లైట్లే, ఐఆర్ అంటె ఇన్‌ఫ్రారెడ్, మన కంటికి దాదాపు కనపడని వెలుగు. చీకటి కాంగనే కెమెరా ముందలున్న చిన్న ఎల్ఈడీలు వెలుగుతయి, చానా కెమెరాలల్ల అవి 850 నానోమీటర్లవి, దగ్గరికి పోయి చూస్తె సన్నగ ఎర్రగ కనిపిస్తయి, 940వి అయితే కంటికి అస్సలే కనిపియ్యవు. మామూలు అద్దం ఒక్కో దిక్కు దాదాపు 4 శాతం వెలుగును వాపస్ కొడ్తది, రెండు దిక్కులు కలిపి 8 అనుకోండ్రి. 8 శాతమే గదా అనొద్దు, ఆ అద్దం కెమెరాకు రెండించుల దూరంల ఉంది, గేటు ఇరవై అడుగుల దూరంల ఉంది, అంత దూరం పోయి గేటుకు తాకి మల్ల వచ్చే వెలుగు అద్దం నుంచి వచ్చేదాని ముందల ఎందుకూ పనికిరాదు. పైంగ కెమెరా ఆ తెల్లదనం చూసి వెలుతురు ఎక్కువైందని తనంతట తాను బొమ్మను డల్ చేసుకుంటది, దాంతోని గేటు ఇంకా మాయమైతది. అద్దం రెండు రేకులు ఒకదాని మీద ఒకటి వచ్చిన కాడ పెడితే, స్లైడింగ్ కిటికీలల్ల సగం తెరిచినప్పుడు అట్లనే అయితది, ఈ గోస డబుల్.

యాప్ సెట్టింగ్స్‌ల నైట్ విజన్ అనో ఐఆర్ లైట్ అనో ఉంటది, అది ఆఫ్ చెయ్యాలె. తెల్ల లైటు వెలిగే కలర్ నైట్ విజన్ కెమెరా అయితే ఆ లైటు గూడ ఆఫే. ముందల చిన్న నీలం లైటో పచ్చ లైటో స్టేటస్ కోసం ఉంటది, దాన్ని గూడ బంద్ పెట్టుండ్రి, పెట్టరాకపోతే దాని మీద నల్ల టేప్ అతికించుండ్రి. గేటుకు బదులు రూమే కనిపిస్తుంటె రూంల లైట్లు ఆర్పుండ్రి, ఆ వెలుగే అద్దంల పడ్తుంది.

ఐఆర్ ఆఫ్ చేసినంక నల్లగ అయ్యింది

అయితది మరి. వెలుతురు లేకుండ ఏ కెమెరా చూడలేదు. బయట లైటు ఉండాలె. గేటు పిల్లర్ మీద ఒక 9 వాట్ల ఎల్ఈడీ బల్బు చాలు, రాత్రంతా ఎందుకు అనుకుంటె మనిషి వస్తె వెలిగే సెన్సర్ బల్బులు దొరుకుతయి. వీధి లైటు మంచిగ పడే గల్లీ అయితే ఇది గూడ అక్కరలేదు. వెలుతురు కనపడొద్దు, పక్కింటోళ్లు తిడుతరు అనుకునేటోళ్లకు ఐఆర్ ఇల్యూమినేటర్ అని, ఐఆర్ వెలుగు మాత్రమే ఇచ్చే లైటు, సపరేట్‌గ దొరుకుతది, 12 వోల్టులది, దాన్ని బయట సజ్జ కింద బిగియ్యుండ్రి, వానకు తడవకుండ, కోతికి అందకుండ. మామూలు అద్దంల నుంచి ఐఆర్ లోపలికి మంచిగనే వస్తది, వెలుగు అద్దం అవతల నుంచి పడుతుంది కాబట్టి కెమెరాకు వాపస్ కొట్టుడు ఉండదు. దీనికి కెమెరా బ్లాక్ అండ్ వైట్ మోడ్‌ల ఉండాలె, దాని సొంత ఎల్ఈడీలు మాత్రం ఆఫ్ ఉండాలె. ఈ రెండు సపరేట్‌గ సెట్ చేసుకునే వీలు అన్ని యాప్‌లల్ల ఉండదు, కొనేటప్పుడు అడగాల్సిన మొదటి మాట ఇదే.

కిటికీకి నీలం రంగు మిర్రర్ గ్లాస్ ఉంటె, లేకపోతే ఎండ ఆపేటందుకు సన్ ఫిల్మ్ అతికిచ్చి ఉంటె, ఈ పద్ధతులు సగమే పనిచేస్తయి. ఆ ఫిల్మ్ వెలుగును ఆపేటందుకే ఉంది, చానా ఫిల్ములు ఐఆర్‌ను గూడ ఆపుతయి. కెమెరా ముందల చేతి వెడల్పంత ఫిల్మ్ కోసి తీసెయ్యండ్రి. మిర్రర్ గ్లాసే అయితే ఆ ఒక్క రేకు సాదా అద్దం వేపిచ్చుకోండ్రి, అల్యూమినియం పనోళ్లు గంటల చేసిపోతరు.

ఐఆర్ ఆఫ్, రూంల లైట్లు ఆఫ్, బయట లైటు ఉంది, అయినా పొగలెక్క ఉంది, ఒక్కోసారి గేటు కాడ ఏదో ఆకారం కనిపిస్తది

ఇది తొందరగ దొరకదు. దీని గురించి జర వివరంగ చెప్తా, ఎందుకంటె మంచి మంచి టెక్నీషియన్లు గూడ ఇక్కడ కెమెరా మార్చేసి పోతరు.

కాజీపేటల ఒక అక్క వాళ్లిల్లు. ముందల రూం కిటికీల కెమెరా, గేటు దిక్కు. అన్ని సెట్టింగులు కరెక్టే. కానీ రాత్రి అందరు పండుకున్నంక ఫోన్ తెరిస్తె గేటు పక్కన తలకాయ లేని మనిషి నిలబడ్డట్టు కనిపిస్తున్నడు. "తమ్మీ, లైటేసి బయటకు పోతె ఎవ్వరు ఉంటలేరు, లోపలికొచ్చి పండుకుంటె మల్ల వస్తున్నడు" అన్నది. ఆమె భయం ఉత్తది గాదు, వీడియోల నిజంగనే ఉన్నడు. భుజాలు, చేతులు, కిందికి దిగిన అంచు. నేను రాత్రి పోయి లైట్లు ఆర్పిచ్చి చూసిన. రూం అంతా చీకటి, కంటికి ఏం కనిపిస్తలేదు. ఫోన్ల మాత్రం ఆకారం ఉంది. తలుపు మీద హ్యాంగర్‌కు వాళ్లాయన తెల్ల అంగి వేలాడుతుంది, దాన్ని తీసి మంచం మీద పెట్టంగనే గేటు కాడి మనిషి పోయిండు.

మరి చీకట్ల అంగి మీద వెలుగు యాడికెళ్లి వచ్చింది? హాల్ల ఇంకో కెమెరా ఉంది, ముసలామెను చూస్కునేటందుకు పెట్టింది. హాల్ల లైటు ఆర్పంగనే ఆ కెమెరా ఐఆర్ వెలుగుతది. రూం తలుపు తెరిచి ఉంటె ఆ ఐఆర్ లోపలికి వచ్చి అంగి మీద పడ్తది, అంగి నుంచి కిటికీ అద్దానికి తాకి మన కెమెరా లెన్సులకు వస్తది. మన కంటికి ఐఆర్ కనపడదు కాబట్టి రూం చీకటిగ ఉంది అనుకుంటం. కెమెరాకు మాత్రం రూంల బల్బు ఏసినట్టే. లైటేస్తె హాల్ కెమెరా కలర్ మోడ్‌లకు పోయి దాని ఐఆర్ ఆరిపోతది, ఆకారం గూడ పోతది. అందుకే ఆమె లేచి లైటేసి చూసినప్పుడల్లా ఎవ్వరు లేరు. తలుపు దగ్గరికి వేసి పండుకున్న రోజు బొమ్మ సాఫ్‌గ ఉంటది, తెరిచి పండుకున్న రోజు ఖరాబ్ అయితది. రోజొక తీరు ఉంటె మనం కెమెరా సాఫ్ట్‌వేర్ మీద, వైఫై మీద అనుమానపడ్తం గని, తలుపు మీద పడం.

ఇట్ల ఎందుకు అయితదంటె, రాత్రి మోడ్‌లకు పోయినప్పుడు కెమెరా లోపల చిన్నగ టిక్ మని సప్పుడు వస్తది, వినే ఉంటరు. పగలంతా ఐఆర్‌ను ఆపే ఒక ఫిల్టర్, బొమ్మ పట్టే సెన్సర్ ముందల ఉంటది, అది పక్కకు జరిగే సప్పుడు అది. మీరు యాప్‌ల ఐఆర్ లైట్లు ఆఫ్ చేసినా, మోడ్ ఆటోల ఉంటె ఫిల్టర్ మాత్రం జరిగే ఉంటది. అంటె కెమెరా తన ఐఆర్ పంపుతలేదు గని, ఇంకెవ్వరి ఐఆర్ వచ్చినా పట్టుకుంటది. లైట్లు ఆఫ్ చేసిన అంటె అంతా ఆఫ్ అయ్యింది అనుకుంటరు చూడుండ్రి, దెబ్బ పడేది అక్కడనే.

ఎట్ల పట్టుకోవాలె అంటె ఫోన్ తీస్కోండ్రి. ముందు టీవీ రిమోట్‌ను ఫోన్ సెల్ఫీ కెమెరా దిక్కు పెట్టి బటన్ ఒత్తుండ్రి, రిమోట్ మూతికాడ తెల్లగనో ఊదా రంగులనో మినుకుమంటె మీ ఫోన్ ఐఆర్ చూడగలుగుతది. వెనక కెమెరా వద్దు, చానా ఫోన్లల్ల దానికి ఫిల్టర్ గట్టిగ ఉంటది. ఇగ లైట్లన్ని ఆర్పి, కిటికీ కాడ నిలబడి, అదే సెల్ఫీ కెమెరాతోని ఇంట్ల అన్ని దిక్కులు చూడుండ్రి. యాడ మెరుస్తుందో ఆడ దొంగ దొరికినట్టే. హాల్ కెమెరా కావచ్చు, పిల్లల రూంల బేబీ మానిటర్ కావచ్చు. కంటికి కనిపించే చిన్న లైట్లను గూడ ఇదే చూపుల లెక్కపెట్టుకోండ్రి, జీరో బల్బు, ఇన్వర్టర్ లైటు, రూటర్ లైట్లు, దేవుని గదిల ఎర్ర బల్బు. చీకట్ల మంచిగ చూసే ఖరీదైన కెమెరా అయితే వీటిని ఇంకా ఎక్కువ పట్టుకుంటది, అందుకే పెద్ద కెమెరా తెచ్చినంక బొమ్మ ఇంకా ఖరాబైంది అని చెప్పేటోళ్లు అబద్ధం చెప్తలేరు.

రిపేరు రెండు మూడు తీర్ల ఉంది. అన్నిటికన్న మంచిది లెన్సు చుట్టు నల్లటి తొడుగు. ఫోటో కెమెరాలకు అమ్మే మెత్తటి రబ్బరు హుడ్ దొరికితే అది, లేకపోతే తలుపు సందులకు అతికిచ్చే నల్ల ఫోమ్ పట్టీని లెన్సు చుట్టు గుండ్రంగ అతికిచ్చి అద్దానికి ఆనిచ్చి పెట్టుండ్రి. ఫోమ్‌కు, అద్దానికి నడుమ కాయితం గూడ పోవద్దు. ఫస్ట్ ఫ్లోర్ నుంచి కిందికి గేటు దిక్కు వంచి పెట్టినోళ్లకు కింద సందు మిగులుతది, కాబట్టి ఫోమ్‌ను కింద మందంగ, పైన పల్చగ కోసుకోవాలె, ఈ పని తొందరపడకుండ చెయ్యండ్రి. కెమెరా మొత్తాన్ని మాత్రం బట్టతోని చుట్టొద్దు, వేడెక్కుతది, మన ఎండకాలంల అయితే ఇంకా ఎక్కువ. రెండోది, బయట వెలుతురు మంచిగ ఉంటె మోడ్‌ను ఆటో నుంచి తీసి డే లేకపోతే కలర్ మీద పెట్టెయ్యండ్రి, ఫిల్టర్ జరగదు, పక్క కెమెరా ఐఆర్ లోపలికి రాదు. మూడోది, హాల్ కెమెరాను తలుపు దిక్కు కాకుండ తిప్పి పెట్టుడు. ఆ అక్కవాళ్లింట్ల ఫోమ్ పట్టీ అతికిచ్చి, హాల్ కెమెరా తిప్పిన, అంగి మల్ల తలుపు మీదనే వేసి చూసినం, గేటు కాడ ఎవ్వరు రాలే.

గేటు మసకగ ఉంది, దగ్గర గళ్లు గళ్లుగ కనిపిస్తుంది

దోమల జాలి. పగలు కనపడదు, రాత్రి వెలుగు దాని మీద పడితే అదే ముందలికి వస్తది. కెమెరా ముందలి జాలి పక్కకు జరపాలె, వేరే దారి లేదు. గ్రిల్‌కు తెల్ల పెయింట్ ఉంటె కెమెరాను రెండు కడ్డీల నడుమకు జరుపుండ్రి.

మనిషి వచ్చినా ఫోన్‌కు నోటిఫికేషన్ వస్తలేదు

బ్యాటరీ కెమెరా అయితే ఇగ రాదు. అవి మనిషి ఒంటి వేడిని పట్టే పీఐఆర్ సెన్సర్ మీద లేస్తయి, ఆ వేడి తరంగాలు అద్దంల నుంచి రావు, పగలైనా రాత్రైనా అంతే. కిటికీ వెనకకు బ్యాటరీ కెమెరా కొననే కొనొద్దు. ప్లగ్గు పెట్టేది, బొమ్మల మార్పు చూసి మనిషిని గుర్తుపట్టేది తీస్కోండ్రి.

కొత్తది కొనాల్సే వస్తె గుండ్రంగ తల తిరిగే కెమెరా కిటికీకి పనికిరాదు. దాని లెన్సు అద్దానికి ఆనదు, తల తిరుగుతుంటె తొడుగు నిలవదు. ముందల చదునుగ ఉండే ఫిక్స్‌డ్ కెమెరా తీస్కోండ్రి. మెగాపిక్సెల్ చూసి మోసపోవద్దు, చిన్న సెన్సర్ మీద 5 మెగాపిక్సెల్ కన్న పెద్ద సెన్సర్ మీద 2 మెగాపిక్సెల్ రాత్రి మంచిగ చూస్తది. డబ్బా మీద ఎఫ్ నంబర్ ఉంటది, అది ఎంత తక్కువుంటె అంత మంచిది, ఎఫ్ 1.0 లెన్సు ఎఫ్ 2.0 కన్న నాలుగింతలు వెలుగు తీస్కుంటది. సెన్సర్ సైజు 1/1.8 అని ఉంటె 1/3 కన్న పెద్దదని అర్థం. షాప్‌ల ఉన్నప్పుడే యాప్ తెరిపిచ్చి ఐఆర్ ఆఫ్ చేసి చూపియ్యమనుండ్రి, చూపియ్యకపోతే ఇంకో షాప్ చూస్కోండ్రి.

మిగిలినయి తక్కువగ వచ్చేవి. చలికాలం పొద్దుగాల అద్దానికి మంచు పడితే తుడిస్తె పోతది. పగటి పూట గూడ చెట్లు గులాబీ రంగుల కనిపిస్తె ఫిల్టర్ ఇరుక్కుంది, నైట్ మోడ్ ఆన్ ఆఫ్ నాలుగుసార్లు చేసి చూడుండ్రి, టిక్ సప్పుడు రాకపోతే వారంటీల ఇచ్చెయ్యండ్రి.